అన్నయ్య వదిలిన ఐదు సెకన్లు

"అవసరమైతే మీ వదినను కాల్చాల్సి ఉంటుంది," అన్నాడు పెద్దాయన, కళ్ళద్దాలు తుడుచుకుంటూ.

పదకొండు ఆయన చేతిలోని కళ్ళద్దాల వైపు చూశాడు. గూఢచారుల బ్యూరోలో అతని నంబరు అదే, పేరూ అదే. కళ్ళజోళ్ళ షాపు పై అంతస్తులో ఉంటుంది ఆ గది. ఉదయం పదిన్నర. కింద ఎవరో ముసలాయన బోర్డు మీది అక్షరాలు తప్పుల తడకగా చదువుతున్న గొంతు చెక్కనేల సందుల్లోంచి వినిపిస్తోంది.

"కాల్చగలవా?"

"ఎదురుపడితే చెప్తాను సార్."

"ఎదురుపడ్డాక చెప్పే టైముండదు." పెద్దాయన ఒక ఫొటో ముందుకు తోశాడు.

ఫొటోలో వదిన కారు దిగుతోంది. ముదురాకుపచ్చ సిల్కు గౌను, మెడలో ముత్యాలు, పెదవుల మీద ఎవరి కోసమో పెట్టుకున్న నవ్వు. పదకొండుకు తెలిసిన వదిన అది కాదు. అన్నయ్య చొక్కాకి గుండీ ఊడితే పళ్ళతో దారం తెంపే మనిషి ఆవిడ. పక్కన సన్నగా, పొడుగ్గా, నలగని సూటులో ఒక విదేశీయుడు. దర్జీల ముఠాకి మాస్టర్. ఇతరుల సాఫ్ట్‌వేర్ కుట్లు విప్పి, తమ ముక్క ఒకటి లోపల పెట్టి, అతుకు కనపడకుండా మళ్ళీ కుట్టేస్తారు కనుక బ్యూరో వాళ్ళకా పేరు పెట్టింది.

రెండేళ్ళ కిందట అన్నయ్య ఈ ఊరి నీటి శుద్ధి ప్లాంటులో ఇంజనీరు. చనిపోవడానికి వారం ముందు ఫోన్ చేశాడు. "ఒకసారి రారా. ఫోన్‌లో చెప్పేది కాదు." పదకొండు అప్పుడు వేరే దేశంలో, వేరే పేరుతో, ఒక హోటల్లో పియానోలు శ్రుతి చేస్తున్నాడు. "వచ్చే వారం వస్తానన్నయ్యా," అన్నాడు. అన్నట్టే వచ్చాడు, శవాన్ని మోయడానికి. నాలుగో నంబరు ఫిల్టర్ తొట్టిలో కాలుజారి పడ్డాడని రిపోర్టు రాశారు. మూడు నెలలు తిరక్కుండా వదిన ఆ విదేశీ కంపెనీలో చేరింది. అప్పటినుంచి పదకొండు ఏ ఫోనూ రెండో రింగు దాకా మోగనివ్వడు.

"దర్జీల్లో మనవాళ్ళొకరున్నారు," అన్నాడు పెద్దాయన. "ఎవరో నాకూ తెలీదు. 'ఇస్త్రీ' అని సంతకం పెట్టి కబురు పంపుతారు. ఆఖరి కబురు ఇవాళ పొద్దున వచ్చింది. సాయంత్రం నాలుగింటికి ముహూర్తం. మిగతాది డాక్టరమ్మ చెప్తుంది."

యంత్రాలకు వైద్యం చేసే ఆవిణ్ణి బ్యూరోలో అందరూ డాక్టరమ్మ అంటారు. ఆవిడ టిఫిన్ డబ్బా అంత బూడిదరంగు పెట్టెను టేబుల్ మీద పెట్టింది.

"డోసింగ్ కంట్రోలర్. నీళ్ళలో క్లోరిన్ ఎంత కలపాలో ఇదే చూసుకుంటుంది. ఇలాంటివి పదకొండు ఊళ్ళలో ఉన్నాయి. అన్నింట్లోనూ దర్జీల సాఫ్ట్‌వేర్ దూరింది. నాలుగింటికి వాల్వులు పూర్తిగా తెరుచుకుంటాయి, నీళ్ళు విషమైపోతాయి. మీటర్ మాత్రం అంతా మామూలే అని చూపిస్తుంది. కుళాయి తిప్పినవాళ్ళకి గానీ తెలియదు."

"కరెంటు తీసేస్తే?"

"అదే వాళ్ళకి కావలసింది. ఈ ఊరి పెట్టె తల్లిపెట్టె. నాలుగింటికి మిగతా పదీ దాన్ని పలకరిస్తాయి. అది పలక్కపోతే వెంటనే వాటి పని అవి మొదలుపెడతాయి. నాలుగింటికి ఇది బతికుండాలి, దీని కడుపులో మంచి ఫైలుండాలి. అప్పుడు అవి కూడా అదే ఫైలు తీసుకుని బాగుపడతాయి."

"మంచి ఫైలు ఎలా ఎక్కించాలి?"

డాక్టరమ్మ మొదటిసారి అతని కళ్ళలోకి చూసింది. "పెట్టె ఆన్ అయి మేలుకున్న మొదటి ఐదు సెకన్లు నెట్‌వర్క్ మీద ఒకటే ప్రశ్న వేస్తుంది. 'నాకేమైనా ఫైలుందా?' అని. ఎవరు ముందు జవాబిస్తే వాళ్ళది తీసుకుంటుంది. పాస్‌వర్డ్ లేదు, నువ్వెవరని అడగదు. టీఎఫ్‌టీపీ అంటారు దీన్ని. ఫైళ్ళు పంపే పద్ధతులన్నిట్లోకీ చిన్నది, అమాయకమైనది. ఒక ముక్క ఇస్తే, అందిందని చెప్పాకే రెండో ముక్క. ఆ ఐదు సెకన్ల ప్రోగ్రాం చిప్‌లో ఎవరూ చెరపలేనట్టు ముద్రించి ఉంది. దర్జీలు ఎంత ప్రయత్నించినా దాన్ని ముట్టుకోలేకపోయారు. రాసింది మీ అన్నయ్య."

పదకొండు ఆ బూడిదరంగు పెట్టెను తన వైపు తిప్పుకున్నాడు.

"ఇంకో సంగతి," అంది డాక్టరమ్మ మెల్లగా. "ఆ ప్లాంటులో హెచ్చరికలన్నీ మీ అన్నయ్య గొంతుతోనే వస్తాయి. ఆయనే రికార్డు చేశాడు. అది ఆ పెట్టెలోనే ఉంది, ఇంకెక్కడా కాపీ లేదు. మన ఫైలు ఫ్యాక్టరీది. ఎక్కిస్తే ఆ గొంతు చెరిగిపోతుంది."

"ముందు ఆ గొంతును ఇవతలికి లాక్కోవచ్చా?"

"లాక్కోవచ్చు. దానికో నాలుగు నిమిషాలు, దీనికో నాలుగు నిమిషాలు. టైముంటే."

*

మధ్యాహ్నం రెండున్నరకు ప్లాంటు గేటు దగ్గర ఒక మెకానిక్ దిగాడు. నీలం ఓవరాల్, తల మీద టోపీ, మూడు రోజుల గడ్డం, చేతిలో మీటర్లు సరిచూసే పెట్టె. పెట్టె పై అరలో నిజంగానే మీటర్లున్నాయి. కింది అరలో ల్యాప్‌టాప్, కేబుల్. ఓవరాల్ జేబులో పిస్తోలు.

తలుపు తెరిచిన ఆపరేటర్ అరవైకి దగ్గరపడ్డ మనిషి. మనిషి దొరికితే చాలు, మాటలు కట్టలు తెంచుకుంటాయి.

"రండి రండి. ఇవాళ అందరూ ఇటే వస్తున్నారు. పైన కంట్రోల్ రూమ్‌లో ఎవరో విదేశీ కంపెనీవాళ్ళు తనిఖీ అంటూ పొద్దుటినుంచీ కూర్చున్నారు. ఆ అమ్మగారిని చూశారూ..."

సరిగ్గా అప్పుడే నెత్తిమీది స్పీకరు పలికింది.

"క్లోరిన్ గది తలుపు తెరిచి ఉంది. దయచేసి మూయండి."

పదకొండు చటుక్కున తలెత్తి స్పీకరు వైపు చూశాడు. అన్నయ్య! 'దయచేసి' దగ్గర కాస్త ఆగడం, 'మూయండి' అన్నప్పుడు నవ్వాపుకుంటున్నట్టు తగ్గిన స్వరం. చిన్నప్పుడు స్నానాలగది తలుపు బయటినుంచి గొళ్ళెం పెట్టి, ఇదే స్వరంతో "లోపల ఎవరండీ?" అని అడిగేవాడు.

"భయపడ్డారా?" ఆపరేటర్ నవ్వాడు. "మా పాత ఇంజనీరు సారు గొంతండీ. పాపం పోయాడు. కొత్తలో నాకూ ఒళ్ళు జలదరించేది. ఇప్పుడలవాటైపోయింది. నేను జవాబు కూడా చెప్తాను. 'మూస్తున్నా సారూ' అంటాను."

ఫిల్టర్ల హాలు పొడుగ్గా, చల్లగా, సగం చీకటిగా ఉంది. నేల మట్టానికి ఆరు తొట్లు, వాటిలో అద్దంలాంటి నీళ్ళు. తొట్ల మీదుగా ఒక సన్నని ఇనుప వంతెన. వంతెన ఆ చివర గోడకి కంట్రోలర్ ఉన్న ప్యానెల్. హాలు పైన, అద్దాల వెనక కంట్రోల్ రూమ్. మాట్లాడితే మాట నాలుగు గోడలకీ తగిలి తిరిగొస్తోంది.

"సారు ఇక్కడే," అంటూ నాలుగో తొట్టి దగ్గర ఆపరేటర్ స్వరం తగ్గించాడు. "కాలు జారిందన్నారు. ఆయనకి ఈత రాదని నాకు తెలుసు. అందుకే ఎప్పుడూ కమ్మీ పట్టుకునే నడిచేవాడు. అలాంటి మనిషికి కాలెలా జారుతుందండీ?"

పదకొండు ప్యానెల్ వైపు నడవబోయాడు. ఆ నీళ్ళలోకి చూడకుండా ఉండాలని ఎంత అనుకున్నా కళ్ళు అటే పోయాయి. అడుగున ఇసుక, పైన తన ముఖం. నీళ్ళలో అది ఎందుకో అన్నయ్య ముఖంలాగే కనపడింది.

ఆపరేటర్ వదిలితేగా! ప్రతి మీటరూ చూపించాడు, ప్రతి మీటరుకూ ఒక కథ చెప్పాడు. మూడున్నర దాటింది. చివరికి పదకొండు అతన్ని పంపుల గదిలో రీడింగులు రాసుకురమ్మని పంపి ఊపిరి పీల్చుకునేసరికి, వెనక వంతెన మీద చెప్పుల మడమల చప్పుడు.

"చొక్కాలెన్ని?" అంది ఆడగొంతు.

ఇస్త్రీకి బ్యూరో ఇచ్చిన సంకేతం! పదకొండు చెయ్యి పిస్తోలు మీదికి పోయి ఆగిపోయింది.

"ఏడు," అన్నాడు తిరగకుండా.

"ఒకటి కాలిపోయింది." ఆవిడ దగ్గరకొచ్చింది. "ఆ గడ్డం నీకు బాగాలేదు మరిదీ."

"నువ్వా వదినా?"

"మరెవరనుకున్నావు? నన్ను కాల్చమన్నారు కదూ? నీ చెయ్యెక్కడుందో చూస్తే తెలుస్తోందిలే." ఆవిడ నవ్వింది, ఫొటోలో నవ్వు కాదది. "మాస్టర్‌కి ఫోన్ వచ్చింది. రెండు నిమిషాలే ఉంది. చెప్పేది విను. పైన ఆయన కంప్యూటర్ ఇదే నెట్‌వర్క్ మీద ఉంది. పెట్టె అడగ్గానే జవాబిచ్చేలా సిద్ధం చేసి పెట్టాడు."

"అన్నయ్యని చంపింది..."

"మాస్టరే." ఆవిడ నాలుగో తొట్టి వైపు చూడలేదు. "తలుపు కార్డు ఇచ్చింది మాత్రం నేను. స్నేహితుణ్ణన్నాడు. మీ ఆయన పుట్టినరోజు కదా, చెప్పకుండా వెళ్ళి ఆశ్చర్యపరుద్దాం అన్నాడు. నవ్వుతూ ఇచ్చాను."

"నాకు ఫోన్ చేశాడు వదినా. నేను రాలేదు."

"తెలుసు. నువ్వు వస్తావని ఆ వారమంతా నీ మంచం వేసే ఉంచాడు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"నేను చెయ్యలేకపోతే టోపీ తీస్తాను," అన్నాడు చివరికి. "మాస్టర్ కంప్యూటర్ కేబుల్ పీకెయ్."

*

మూడూ యాభై. ప్యానెల్ తెరిచి, కేబుల్ తగిలించి, ల్యాప్‌టాప్ సిద్ధం చేశాడు. ముందు అన్నయ్య గొంతు, తరువాత ఫైలు. సరిగ్గా సరిపోతుంది. స్విచ్ ఆపాడు, మళ్ళీ వేశాడు.

పెట్టె లేవడానికి ముప్పావు నిమిషం. తరువాత హాలంతా అన్నయ్య. "కంట్రోలర్ మొదలవుతోంది. కాస్త ఆగండి."

ఐదు సెకన్లు. పెట్టె అడిగింది. పదకొండు మీట నొక్కేలోపే తెర మీద ఇంకో అడ్రస్ మెరిసింది. మాస్టర్ కంప్యూటర్ జవాబిచ్చేసింది!

స్విచ్ ఆపి మళ్ళీ వేశాడు. "కంట్రోలర్ మొదలవుతోంది. కాస్త ఆగండి." మళ్ళీ అదే అడ్రస్. మూడోసారీ అంతే. ప్రతిసారీ అన్నయ్య అంతే ఓపికగా, అంతే మర్యాదగా ఆగమంటున్నాడు.

పైన అద్దాల వెనక మాస్టర్ తలెత్తాడు. మూడుసార్లు వినిపించిన ఆ గొంతు అతనికి రుచించలేదు. విసురుగా లేచి బయటికి నడిచాడు. కరెంటులో తేడా ఉందనుకున్నాడేమో, మొదట కరెంటు గది వైపు వెళ్ళాడు.

పదకొండు టోపీ తీశాడు. అద్దం వెనక ఆకుపచ్చ సిల్కు వంగి లేచింది. ఆవిడ చేతిలో కేబుల్ వేలాడుతోంది.

మూడూ యాభై నాలుగు. నాలుగోసారి స్విచ్ వేశాడు. ఇప్పుడిక రెండింటికీ టైము లేదు. గొంతు తీసుకోవాలా, ఫైలు ఇవ్వాలా? తెర మీద రెండు మీటలు. వేలు మొదటి దాని మీద ఉంది.

"కంట్రోలర్ మొదలవుతోంది," అన్నాడు అన్నయ్య. "కాస్త ఆగండి."

"ఆగలేనన్నయ్యా," అని పైకే అనేశాడు పదకొండు. రెండోది నొక్కాడు.

పెట్టె తీసుకోవడం మొదలుపెట్టింది. ఒక ముక్క, అందింది. ఇంకో ముక్క, అందింది. మొత్తం పదహారు వేల మూడు వందల ఎనభై నాలుగు ముక్కలు. తెర మీద అంకె పెరుగుతున్నకొద్దీ, లోపల ఎక్కడో 'దయచేసి' చెరిగిపోతోంది, 'మూయండి' చెరిగిపోతోంది. పదకొండు ఆ అంకెనే చూస్తూ నిలబడ్డాడు. అన్నయ్యని రెండోసారి మోస్తున్నట్టుంది.

పద్నాలుగు వేలు. పదిహేను. పదహారు వేల మూడు వందల ఎనభై నాలుగు.

అంకె ఆగిపోయింది. 'అయిపోయింది' అన్న మాట మాత్రం తెర మీద రాలేదు.

ముక్కలన్నీ నిండుగా సరిపోతే, చివర ఒక ఖాళీ ముక్క పంపాలి. అది అందితేనే ఇక రావలసిందేమీ లేదని పెట్టెకు తెలుస్తుంది. ఆ ఖాళీ ముక్క దారిలో ఎక్కడో జారిపోయింది. ల్యాప్‌టాప్ ఐదు సెకన్లు చూసి, తనంతట తనే మళ్ళీ పంపుతుంది. ఈలోగా కేబుల్ కదిలిందా, సర్వం మట్టిపాలే. మూడూ యాభై తొమ్మిది దాటింది.

"చేతులెత్తు."

మాస్టర్ వంతెన మధ్యలో ఉన్నాడు. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్తోలు. మాట్లాడే భాష పుస్తకాల్లో నేర్చుకున్నది, ఒక్క అక్షరం తప్పు లేదు. పదకొండు చేతులెత్తాడు, ఎత్తి కేబుల్‌కు అడ్డంగా జరిగాడు.

"మీ ముఖంలో నాకు తెలిసిన పోలిక ఒకటి ఉన్నది," అన్నాడు మాస్టర్. "పక్కకు తప్పుకోండి."

"మా అన్నయ్య పోలిక," అన్నాడు పదకొండు.

స్పీకరు పలికింది. ఈసారి అన్నయ్య గొంతు కాదు. మైకు ముందు కూర్చుని వదిన, భర్త మాటల్ని పొల్లుపోకుండా, ఆగవలసినచోట ఆగుతూ చెప్తోంది.

"నాలుగో నంబరు ఫిల్టర్ కడుగుతున్నాం. దయచేసి వంతెన మీద ఎవరూ ఉండొద్దు."

మాస్టర్ ముఖం రంగు మారింది. అతను నిలబడింది సరిగ్గా నాలుగో తొట్టి మీద. ఫిల్టర్ కడిగే గాలి కిందినుంచి బుస్సుమంటూ తన్నింది. అద్దంలాంటి నీళ్ళు ఒక్కసారిగా తెల్లగా పొంగి, ఇసుకతో సహా వంతెన కమ్మీల దాకా లేచాయి. మాస్టర్ కిందికి చూశాడు. ఆ నురగలో అతనికేం కనిపించిందో గానీ, కెవ్వున కేకపెట్టి వెనక్కి అడుగు వేశాడు. పిస్తోలు పేలి గుండు పైకప్పుకి తగిలింది. పదకొండు ఒక్క ఉదుటున దూకి భుజంతో గుద్దాడు. మాస్టర్ కమ్మీ మీంచి తొట్లో పడ్డాడు.

వెనక ల్యాప్‌టాప్ చిన్నగా కీచుమంది. అయిపోయింది.

నాలుగు గంటలు. తెర మీద ఒక్కొక్క ఊరి పెట్టే వచ్చి పలకరిస్తోంది, ఫైలు తీసుకుంటోంది, వెళ్ళిపోతోంది. ఒకటి, రెండు, మూడు. పదో వరుస పడేదాకా పదకొండు కళ్ళార్పలేదు.

అప్పుడు కిందికి చూశాడు. మాస్టర్ మునుగుతూ తేలుతూ ఉన్నాడు. గాలి నిండిన నీళ్ళు మనిషిని మొయ్యవు. ఎంత ఈతగాణ్ణయినా లోపలికి లాగేస్తాయి. పదకొండు పైకి చూశాడు. అద్దం వెనక వదిన నిలబడి ఉంది, చెయ్యి ఆ గాలి మీట మీద. ముఖంలో ఏమీ లేదు. రెండేళ్ళుగా ఆ నిమిషం కోసమే ఆవిడ ఆ సిల్కు తొడిగింది, ఆ నవ్వు నవ్వింది.

పదకొండు ఏ సైగా చెయ్యలేదు. చేసే హక్కు తనకుందని అనుకోలేదు.

క్షణాలు గడిచాయి. తరువాత గాలి ఆగింది. నీళ్ళు మెల్లగా సర్దుకున్నాయి. పరుగెత్తుకొచ్చిన ఆపరేటర్ పొడుగాటి కొక్కెంతో మాస్టర్‌ను కాలరు పట్టి ఒడ్డుకి లాగాడు.

వదిన మెట్లు దిగి వచ్చింది. "బతికుంటేనే కదా వాగేది," అంది.

ప్యానెల్ మీద ఎర్రదీపం వెలిగింది. క్లోరిన్ గది తలుపు మళ్ళీ తెరుచుకున్నట్టుంది. స్పీకరు 'టుంగ్' మని ఊరుకుంది. ఆపరేటర్ తలెత్తి చాలాసేపు దాని వంకే చూశాడు.

"సారు గొంతేదీ?"

"పోయింది," అన్నాడు పదకొండు.

ముసలాయన తలూపాడు. వెళ్ళి తలుపు మూసొచ్చాడు.

*

ఆరింటికి కళ్ళజోళ్ళ షాపు పై అంతస్తులో ముగ్గురూ కూర్చున్నారు. కింద షాపు మూసే వేళయింది. పదకొండు జరిగింది జరిగినట్టు చెప్పాడు. పెద్దాయన ఒక్క ప్రశ్నా వెయ్యకుండా విన్నాడు.

"మాస్టర్ అప్పుడే నలుగురి పేర్లు చెప్పాడు," అన్నాడు చివరికి. "మీ ఆయన ఫైలు మళ్ళీ తెరిపిస్తున్నానమ్మా. 'కాలుజారి' అన్న మాట కొట్టేయిస్తాను."

వదిన తల వంచుకుంది. చెప్పులు ఎక్కడో వదిలేసినట్టుంది, పాదాలు ఉత్తివి. పదకొండు తన కుర్చీ కొంచెం ఆవిడ వైపు జరిపాడు. ఆవిడ చూడకుండానే అతని చేతి మీద చెయ్యి వేసింది. రెండేళ్ళలో ఆ ఇద్దరూ కలిసి కూర్చోవడం అదే మొదలు.

పెద్దాయన లేచి, మూలనున్న కుళాయి తిప్పి మూడు గ్లాసుల్లో నీళ్ళు పట్టుకొచ్చాడు. టేబుల్ మీద పెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు. పెద్దాయన పదకొండు వంక చూశాడు. పదకొండు కిటికీ వంక చూశాడు.

వదిన ఒక గ్లాసు తీసుకుని గుక్క తిప్పుకోకుండా తాగేసింది.

"ఎలా ఉన్నాయమ్మా?" అన్నాడు పెద్దాయన, కాస్త ముందుకు వంగి.

ఆవిడ ఖాళీ గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకుంది.

"రుచీ పచీ లేవు," అంది. "మీరు కూడా తాగండి."